కరణశుద్ధి: పనిముట్టును ఎంచుకొనే వివేకం

క్రియ సిద్ధించటానికి అన్నింటికంటె ఎక్కువగా తోడ్పడేది ఏదో అదే కరణమని పాణిని నిర్వచించాడు. గొడ్డలితో చెట్టును నరికేటప్పుడు నరికేవాడు కర్త, చెట్టు కర్మ, గొడ్డలి కరణం. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం సర్వకర్మల సిద్ధికి అయిదు కారణాలను చెప్పింది: అధిష్ఠానం, కర్త, వివిధ కరణాలు, నానావిధ చేష్టలు, అయిదవదిగా దైవం. శాంకరభాష్యం అక్కడ కరణమంటే శ్రోత్రాది ఇంద్రియాలను గ్రహించింది. వేదాంతశ్రవణం చేసే వారికి అంతఃకరణశుద్ధి అనే మాట నిత్యపరిచితం. మనస్సు మలినమైతే జ్ఞానం భాసించదని వారు ఎరుగుదురు. అయితే చేతిలో పట్టుకొనే ఉలి విషయంలో, గోడకు తగిలించిన రంపం విషయంలో, తీగతో విద్యుత్తును గ్రహించి గిరగిర తిరిగే యంత్రం విషయంలో అదే శుద్ధిని కోరేవారు అరుదు. అంగడిలో చవకగా దొరికినది తేవటం, విరిగితే పారవేయటం, మరొకటి తేవటం - ఇదే లోకరీతి.

బాహ్యకరణాన్ని ఎంచుకోవటంలో వివేకం అవసరమా, అది సాధకునికి తగిన విచారమేనా అనే ప్రశ్న ఇక్కడ ఉదయిస్తుంది. గృహస్థాశ్రమంలో ఉన్నవాడు ఇంటి తలుపును తానే సరిచేసుకొంటాడు, పీటను తానే చేసుకొంటాడు, దైవానికి మందిరాన్ని తానే కూర్చాలని సంకల్పిస్తాడు. ఆ క్షణం నుంచి పనిముట్టు అతని ధర్మంలో భాగమవుతుంది. సదోషమైన కరణం కర్మను చెడగొడుతుంది, ద్రవ్యాన్ని వ్యర్థం చేస్తుంది, కొన్ని సందర్భాలలో కర్త శరీరాన్నే హింసిస్తుంది. కనుక ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

ఒక గృహస్థుని సంకల్పం

రాజమహేంద్రవరంలో ఉద్యోగవిరమణ చేసిన ఒక సంస్కృతాధ్యాపకుని వృత్తాంతం ఈ విచారానికి ఉపకరిస్తుంది. పిత్రార్జితమైన మండువా లోగిలి శిథిలమై పడగొట్టవలసి వచ్చినప్పుడు ఆయన వీధిగుమ్మపు టేకు తలుపులు రెండింటిని మాత్రం పదిలపరచుకొన్నాడు. తరతరాలుగా పండుగనాడు పసుపుకుంకుమలు అందుకొన్న తలుపులవి. వాటి కొయ్యతో ఇంటి ఈశాన్యంలో పూజామందిరాన్ని స్వహస్తాలతో నిర్మించాలని ఆయన సంకల్పం. ఆ కొయ్య మరెక్కడా దొరకదు. ఒక అంగుళం పొట్టిగా కోసిన ముక్కను తిరిగి పొడవు చేసే విద్య ఏ శాస్త్రంలోనూ లేదు.

ఆయన మొదట చేసిన పని అంగడిలో ఒక పెద్ద పెట్టెను కొనటం. నూరుకు పైగా పనిముట్లు, ఒక్కొక్కటి తన గూటిలో ఒదిగి, వెండిలా మెరుస్తున్నాయి. వెల ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. ఆ తలుపులను ఆనాడు చేసిన వడ్రంగి కుమారుడు, ఇప్పుడు తానే వృద్ధుడైన మేస్త్రి, ఆ పెట్టెను చూడటానికి వచ్చాడు. ఉలి ఒకటి తీసి, దాని మెడ మీద ఆకురాయితో ఒకసారి గీసి, మరల మొన దగ్గర గీసి, మౌనంగా చూశాడు. రెండుచోట్లా ఆకురాయి ఒకే విధంగా ఉక్కును కొరికింది.

"మాస్టారూ, ఇది మెత్తని ఇనుమండి. మొన దగ్గర ఆకురాయి జారిపోవాలి గాని కొరక్కూడదు. పెట్టె మెరుస్తోంది గాని, మీ తలుపు కొయ్య చేవ దీన్ని రెండు దెబ్బల్లో వంచేస్తుందండి."

అధ్యాపకుడు పరీక్షార్థం పనికిరాని ఒక టేకు ముక్క మీద ప్రయోగించి చూశాడు. మేస్త్రి మాటే నిజమైంది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. అది మంచి ఉక్కు అంచునే త్వరగా మొద్దుబార్చుతుంది. మెత్తని ఉక్కు సంగతి చెప్పనక్కరలేదు. పెట్టెలోని నూరు పనిముట్లలో మందిరనిర్మాణానికి నిజంగా అవసరమైనవి పదికి మించవు. ఆ పదీ నిలిచేవి కావు.

ప్రమాణం ముందు, ప్రమేయం తరువాత

"ముందు కోసేవి కాదండి, కొలిచేవి కొనండి" అని మేస్త్రి చేసిన మొదటి ఉపదేశం. శాస్త్రపరిచయం ఉన్న అధ్యాపకునికి ఇది వెంటనే స్ఫురించింది. దర్శనాలలో ప్రమాణవిచారానికి ప్రధానస్థానం ఉంది. ప్రమాణం దుష్టమైతే ప్రమేయజ్ఞానం ఎంత ప్రయాసపడినా భ్రమగానే మిగులుతుంది. మూలమట్టం వంకర అయితే మందిరం నాలుగు మూలలూ వంకర అవుతాయి. తరువాత ఎంత మంచి రంపం తెచ్చినా ఆ దోషం పోదు, పైగా వంకరను మరింత స్పష్టంగా కోసిపెడుతుంది.

మూలమట్టాన్ని పరీక్షించటానికి మరొక మూలమట్టం అక్కరలేదు. తిన్నని అంచు గల పలక తీసుకొని, మూలమట్టపు దిమ్మను ఆ అంచుకు ఆనించి, సన్నని గీత గీయాలి. తరువాత మూలమట్టాన్ని బోర్లించి, దిమ్మను రెండవ వైపు నుంచి అదే అంచుకు ఆనించి, అదే బిందువు నుంచి మరొక గీత గీయాలి. రెండు గీతలు ఏకమైతే కోణం 90 డిగ్రీలు. విడిపోతే, ఆ ఎడం నిజమైన దోషానికి రెట్టింపుగా కనబడుతుంది. స్వల్పదోషాన్ని సైతం ద్విగుణం చేసి చూపే పరీక్ష కనుకనే అది విశ్వసనీయం. రసమట్టానికి కూడా ఇదే న్యాయం: ఒక తలం మీద ఉంచి బుడగ స్థానాన్ని గుర్తించి, పనిముట్టును అటుదిటు తిప్పి అదే చోట ఉంచితే బుడగ మరల అదే స్థానంలో నిలవాలి. అంగట్లోనే, వెల చెల్లించకముందే, ఈ రెండు పరీక్షలనూ ఎవరైనా చేయవచ్చు.

ఇక్కడ మీమాంసకుల, నైయాయికుల వివాదం గుర్తుకు రావటం సహజం. జ్ఞానానికి ప్రామాణ్యం స్వతః సిద్ధమని మీమాంసకులు, పరతః నిర్ణయింపబడుతుందని నైయాయికులు. మూలమట్టం విషయంలో ఇద్దరికీ కొంత అవకాశం ఉంది. అది తనను తానే పరీక్షించుకొంటుంది, కాని తిన్నని అంచు ఒకటి దానికి ఆశ్రయంగా కావాలి. సాధకుడు తన ఆచరణను పరీక్షించుకొనే విధానం కూడా ఇటువంటిదే. తన మాటను బోర్లించి, ఎదుటివాని స్థానం నుంచి మరల అదే గీత గీసి చూసుకోవాలి. గీతలు విడిపోతే దోషం బయటపడుతుంది.

చేతి పనిముట్ల లక్షణాలు

ఉలికి ప్రధానం ఉక్కు. మంచి ఉలి అంచు కాఠిన్యం రాక్‌వెల్ సి మానంలో సుమారు 58 నుంచి 62 వరకు ఉంటుంది. అంతకంటె బాగా తక్కువైతే అంచు వంగుతుంది, బాగా ఎక్కువైతే పెళుసై రాలుతుంది. ఉలి వెనుకతలం చదునుగా ఉండాలి. వెనుకతలం గుంటపడితే అంచు ఎన్నటికీ పదునెక్కదు. సాధారణంగా 25 డిగ్రీల వాలుగా అరగదీసి, చివరి అంచును మాత్రం 30 డిగ్రీలకు సానపట్టటం సంప్రదాయం. ఆరు పరిమాణాల ఉలుల కట్ట కంటె 6, 12, 25 మిల్లీమీటర్ల వెడల్పు గల మూడు మంచి ఉలులు గృహస్థునికి ఎక్కువ ఉపకరిస్తాయి.

రంపాన్ని కొనేటప్పుడు పళ్లను చూడాలి. కొయ్య పొరల వెంట నిలువుగా కోసే రంపపు పళ్లు చిన్న ఉలుల వలె ఉంటాయి. పొరలకు అడ్డంగా కోసే రంపపు పళ్లు చిన్న కత్తుల వలె వాలుగా ఉంటాయి. ఒకదాని పనికి మరొకటి వాడితే శ్రమ పెరిగి, కోత చింపిరి అవుతుంది. పళ్ల కొసలు నల్లగా, నీలిగా కనిపిస్తే అవి వేడితో ప్రత్యేకంగా గట్టిపరచినవి. చాలాకాలం పదునుగా ఉంటాయి గాని, మొద్దుబారిన తరువాత ఆకురాయికి లొంగవు. అటువంటి రంపం ఆయుర్దాయం ముగిసినప్పుడు త్యజించవలసినదే. ఆకురాయికి లొంగే రంపం మాత్రం జీవితకాలం తోడుంటుంది. రెండింటిలో ఏది కావాలో పనిని బట్టి నిర్ణయించాలి. రంపపు పలకను కొంచెం వంచి విడిచినప్పుడు అది తిన్నగా పూర్వస్థితికి రావాలి. పిడి చేతిలో నొప్పి పుట్టించకూడదు.

సుత్తి విషయంలో పిడి కొసను చూడాలి. కొయ్య పిడి చివర కనిపించే వలయరేఖలు సుత్తి తల పొడవు దిశలో సాగితే పిడి దృఢంగా ఉంటుంది. అడ్డంగా సాగితే దెబ్బకు చీలే ప్రమాదం ఉంది. తల వదులుగా ఉన్న సుత్తి ఎంత చవకైనా కొనదగినది కాదు, ఇంట్లో ఉన్నదైనా సరిచేయకుండా వాడదగినది కాదు. చిత్రిక పట్టే తోపడాకు అడుగుతలం సమంగా ఉండాలి, అలుగు కదలకుండా బిగియాలి.

పాత తలుపుల కొయ్య విషయంలో మేస్త్రి మరొక సూక్ష్మం చెప్పాడు. దాని గర్భంలో ఎప్పుడో కొట్టిన మేకుల ముక్కలు దాగి ఉంటాయి. పైకి కనబడవు, చిత్రిక పట్టేటప్పుడు అలుగుకు తగిలి పదునును పగలగొడతాయి. అందుకని బలమైన అయస్కాంతాన్ని కొయ్య మీద మెల్లగా నడిపించి, అది ఎక్కడ పట్టుకొంటే అక్కడ గుర్తుపెట్టి, మేకును తీసిన తరువాతనే తోపడా పట్టాలి. అధ్యాపకుని తలుపులలో అటువంటివి పదకొండు బయటపడ్డాయి. పరీక్షించకుండా ముందుకు వెళ్లి ఉంటే కొత్త అలుగు మొదటి రోజునే నశించేది.

పదును అనేది కొనేనాడు వచ్చి నిలిచేది కాదు. అత్యుత్తమమైన ఉలి కూడా అంగడి నుంచి వచ్చేటప్పుడు పనికి సిద్ధంగా ఉండదు. సానరాయి మీద నిత్యం దిద్దుకోవలసి ఉంటుంది. ముండకోపనిషత్తు ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను శరంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా వర్ణిస్తూ ఆ శరం ఉపాసనతో పదునెక్కినదై ఉండాలని చెప్పింది. ధనుస్సు ఉంది, బాణం ఉంది అన్నంత మాత్రాన చాలదు. కనుక ఉలికి వెచ్చించిన ధనంలో కొంత భాగమైనా సానరాయికి వెచ్చించాలి. సాన లేని ఉలిని కొనటం, అనుష్ఠానం లేని మంత్రోపదేశం పొందటం వంటిది. యంత్రపు సాన మీద పదును పెట్టేవారు తరచు నీటిలో ముంచి చల్లార్చాలి. అంచు నీలిరంగుకు తిరిగితే ఆ చోట ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిందని అర్థం. సాధారణ కార్బన్ ఉక్కులో ఆ భాగపు గట్టిదనం పోయినట్లే.

విద్యుద్యంత్రాలు: శక్తి, నియమం

చేతి పనిముట్టులో శక్తి కర్తదే. విద్యుద్యంత్రంలో శక్తి బయటి నుంచి వస్తుంది, కర్త దానికి నియామకుడు మాత్రమే. కనుక ఇక్కడ వివేకం మరింత అవసరం. కఠోపనిషత్తులోని రథకల్పనలో గుర్రాలు బలమైనవి, కళ్లెం సారథి చేతిలో ఉండాలి. కళ్లెం లేని గుర్రం ఎంత మేలుజాతిదైనా రథికునికి శత్రువే.

అధ్యాపకుని కుమారుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి సంకల్పం విని, సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి నుంచి ఒక వృత్తాకారపు రంపయంత్రాన్ని తెచ్చాడు. పితృభక్తితో తెచ్చినది, నిస్సందేహంగా శ్రేష్ఠమైనది. కాని అది 120 వోల్టుల విద్యుత్తుకు నిర్మింపబడింది. ఇక్కడి ఇళ్లలో సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జులు. నేరుగా తగిలిస్తే యంత్రం క్షణాలలో కాలిపోతుంది. వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తగిన సామర్థ్యంతో కొనాలంటే అది బరువైనది, వెల గలది. కొన్ని రకాల మోటార్లు 60 హెర్ట్జులకు ఉద్దేశింపబడినవైతే వేగంలోనూ వేడిలోనూ తేడా వస్తుంది. బ్యాటరీ యంత్రాలకు ఈ చిక్కు తక్కువ, కాని వాటి ఛార్జర్ మీద ముద్రించిన వోల్టేజిని చూడక తప్పదు. 100 నుంచి 240 అని ఉంటే ఇక్కడ పనికి వస్తుంది, 120 అని మాత్రమే ఉంటే రాదు. విదేశాలలో ఉన్న సంతానం నుంచి పనిముట్లు తెప్పించుకొనే తల్లిదండ్రులు ఈ ఒక్క అక్షరపంక్తిని ముందే చదివించుకొంటే చాలు.

బ్యాటరీ యంత్రాల ప్రస్తావన వచ్చింది గనుక మరొక నామరూపభ్రాంతిని కూడా గమనించవచ్చు. ఒకదాని మీద 18 వోల్టులని, మరొకదాని మీద 20 వోల్టుల గరిష్ఠమని ఉంటుంది. రెండవది బలమైనదని కొనేవారు తలుస్తారు. రెండింటిలోనూ శ్రేణిగా కూర్చిన లిథియం అయాన్ ఘటాలు అయిదే. సామాన్యస్థితిలో ఒక్కొక్కటి 3.6 వోల్టులుగా లెక్కిస్తే 18, నిండుగా ఛార్జి చేసినప్పుడు సుమారు 4 వోల్టులుగా లెక్కిస్తే 20. వస్తువు ఒకటే, పేరు రెండు. నామాన్ని చూసి అధికమూల్యం చెల్లించటం అవివేకం.

ఇంటి పనులకు మొదట కావలసిన యంత్రం డ్రిల్. 13 మిల్లీమీటర్ల చక్, వేగాన్ని మార్చుకొనే వీలు, ముందుకూ వెనుకకూ తిరిగే వీలు ఉంటే గృహస్థునికి చాలు. ఇటుక గోడకు సుత్తిదెబ్బల అమరికను వాడాలి, కొయ్యకు, లోహానికి దానిని తప్పనిసరిగా ఆపివేయాలి. కాంక్రీటు శ్లాబులో తరచు రంధ్రాలు వేసేవారికి వేరే జాతి రోటరీ హామర్ అవసరం. నెలకు ఒకసారి మేకు కొట్టేవానికి అది అనవసరం. యంత్రం పైపెంకు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది ద్విగుణ విద్యుత్ రక్షణ గలదని అర్థం, దానికి భూసంబంధపు మూడవ మొల అక్కరలేదు. ఆ గుర్తు లేని లోహపు యంత్రాలకు మూడు మొలల ప్లగ్, నిజంగా పనిచేసే ఎర్తింగ్ రెండూ ఉండాలి. పని చేసే గదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చటం ప్రాణరక్షణ. కార్బన్ బ్రష్‌లు అరిగినప్పుడు వాటిని మార్చుకొనే వీలున్నదా, అవి సమీపంలోని అంగట్లో దొరుకుతాయా అని విచారించాలి. విడిభాగాలు దొరకని యంత్రం ఎంత ఘనమైన సంస్థదైనా ఒక చిన్న బ్రష్ అరిగేసరికి నిరుపయోగమవుతుంది.

ఇక యాంగిల్ గ్రైండర్. ఈ చిన్న యంత్రం నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. దానికి బిగించే చక్రం మీద ముద్రించిన గరిష్ఠవేగం యంత్రం వేగానికి తక్కువ కాకూడదు. తక్కువైతే చక్రం ముక్కలై ఎగురుతుంది. దాని కవచాన్ని తొలగించటం, కొయ్య కోసే పళ్ల చక్రాన్ని దానికి బిగించటం - ఈ రెండూ ఊరూరా కనబడే ఆచారాలు, రెండూ ప్రాణాంతకాలు. పళ్ల చక్రం కొయ్యలో చిక్కుకొన్న క్షణంలో యంత్రం వెనుకకు తన్నుతుంది. చేతి బలం దానిని ఆపలేదు.

మేస్త్రి ఎడమచేతి చూపుడువేలుకు చివరి కణుపు లేదు. అధ్యాపకుడు అంతవరకు దానిని గమనించినా అడగలేదు. గ్రైండర్ మాట వచ్చిన రోజున మేస్త్రి తానే చెప్పాడు.

"కవచం ఉంటే పని కనపడదని తీసేశానండి. ఆ రోజు తొందర. గృహప్రవేశం మర్నాడే. పని కనపడింది గాని, వేలు కనపడకుండా పోయింది. మాస్టారూ, మీరు ఏ యంత్రమైనా కొనండి, దాని తొడుగు మాత్రం తీయకండి."

అహింస అనగానే పరప్రాణులను హింసించకపోవటమే స్ఫురిస్తుంది. స్వశరీరం కూడా సంరక్షించవలసిన ధర్మసాధనమే. కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ పట్టటం, ముక్కుకు వస్త్రం లేకుండా టేకు పొట్టును పీల్చటం, వదులైన ఉత్తరీయంతో తిరిగే యంత్రాన్ని సమీపించటం నిర్భయత్వం కాదు. గీత తామసకర్మను లక్షణీకరిస్తూ పరిణామాన్ని, నాశాన్ని, హింసను, స్వసామర్థ్యాన్ని విచారించకుండా మోహంతో ఆరంభించేదని చెప్పింది. కవచం తీసిన గ్రైండర్ ఆ లక్షణానికి ప్రత్యక్షోదాహరణం.

గుణత్రయవిభాగం

గీత ఆహారాన్ని, యజ్ఞాన్ని, తపస్సును, దానాన్ని, జ్ఞానాన్ని, కర్తను గుణభేదంతో మూడు విధాలుగా విభజించింది. పనిముట్లను అది ప్రత్యేకంగా విభజించలేదు. అయినా ఆ చూపుతో చూస్తే విషయం సుస్పష్టమవుతుంది. దోషం తెలిసీ చవక అని కొన్నది, మొద్దుబారినా దిద్దనిది, రక్షణ తొలగించినది తామసం. అవసరానికి మించిన శక్తి గలది, పొరుగువాని దగ్గర ఉన్నదని కొన్నది, గోడకు వేలాడుతూ చూపరుల ప్రశంసను మాత్రమే సంపాదించేది రాజసం. పనికి తగినది, దిద్దితే నిలిచేది, చేతికి ఇమిడేది, కర్తను హింసించనిది సాత్త్వికం.

వెల మాత్రమే ఈ విభాగాన్ని నిర్ణయించదు. బోష్ సంస్థ గృహవినియోగపు యంత్రాలకు ఆకుపచ్చ రంగును, వృత్తిదారుల యంత్రాలకు నీలం రంగును వాడుతుంది. దినమంతా యంత్రం పట్టేవానికి రెండవది ధర్మం. ఏడాదికి నాలుగు రోజులు పట్టేవానికి మొదటిదే చాలవచ్చు. అధికారిభేదాన్ని అనుసరించి సాధన మారినట్లే పనిముట్టు కూడా మారుతుంది. వరాహనదీ తీరాన ఏటికొప్పాక కళాకారులు మెత్తని అంకుడు కర్రను తరిణె మీద తిప్పి లక్కబొమ్మలు చేస్తారు. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కుతారు. ఆ కర్రల స్వభావం వేరు, పని వేరు, వాటికి తగిన ఉలి వేరు. టేకు తలుపును మందిరంగా మార్చేవానికి వారి పనిముట్లు యథాతథంగా సరిపోవు.

అపరిగ్రహం అడ్డువచ్చిన చోట

అధ్యాపకుడు నాణ్యతను గ్రహించిన తరువాత మరొక అంచుకు జారాడు. సికింద్రాబాద్ వెళ్లినప్పుడు రాణీగంజ్ అంగళ్లలో రోజంతా గడిపాడు. రౌటర్, జిగ్‌సా, విద్యుత్ తోపడా, నాలుగు రకాల క్లాంపులు - ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమర్థన దొరికింది. జాబితా రెండు పుటలు దాటింది. ఇంటికి వచ్చి ఆ పట్టికను చదివి వినిపించగా ఆయన ధర్మపత్ని శాంతంగా అడిగింది:

"ఏమండీ, మందిరం స్వామి కోసమా, ఈ మిషన్ల కోసమా? రేపు వీటన్నిటికీ ఇంకో మందిరం కట్టాలేమో."

పరిహాసంలో సత్యం ఉంది. యోగశాస్త్రం యమాలలో అపరిగ్రహాన్ని చేర్చింది. సంపాదించటంలో శ్రమ, రక్షించటంలో శ్రమ, నశించినప్పుడు దుఃఖం - పరిగ్రహానికి ఈ మూడూ సహజాలు. తుప్పుపట్టే ప్రతి పనిముట్టూ ఆ మూడింటికీ సాక్షి. మరి చవకదీ వద్దు, మంచివన్నీ వద్దు అంటే గృహస్థుడు ఏమి చేయాలి?

ఆయన చివరకు ఆచరించిన క్రమం ఇది. మొదట పనిని ఖండాలుగా విభజించాడు: కొలవటం, నిలువుకోతలు, అడ్డుకోతలు, చిత్రిక, బెజ్జాలు వేసి నాలుకలు ఇమిడించటం, అతికించటం, మెరుగుపెట్టటం. ఏ ఖండానికి ఏ కరణం అనివార్యమో రాసుకొన్నాడు. ఒకే ఒకసారి అవసరమయ్యే పెద్ద నిలువుకోతలను తాను చేయక, మేస్త్రికి తగిన కూలి ఇచ్చి కోతమిల్లులో చేయించాడు. రెడీమేడ్ తలుపుల కాలంలో పని తగ్గిన ఆ వృద్ధునికి అది గౌరవమైన జీవనం కూడా అయింది. కుమారుడు తెచ్చిన రంపయంత్రాన్ని తిరుగుప్రయాణంలో అతనితోనే పంపివేశాడు. మూలమట్టం, మూడు ఉలులు, ఒక అడ్డుకోత రంపం, ఒక తోపడా, సానరాయి, కొయ్యసుత్తి, నాలుగు క్లాంపులు, ఒక డ్రిల్ - ఇంతే కొన్నాడు. తోపడాను పాతసామాను అంగట్లో కొన్నాడు. పైతుప్పు దిద్దుకోదగినది, గుంటలు పడిన తుప్పు, పగులు దిద్దరానివి. వాటిని మేస్త్రి పరీక్షించి చూపాడు. మొదట తెచ్చిన మెరిసే పెట్టెలోని పనిముట్లు డబ్బా మూతలు తీయటానికి, ఇంట్లో చిల్లర పనులకు మిగిలాయి.

మందిరం పూర్తి కావటానికి ఏడు నెలలు పట్టింది. టేకులోని సహజమైన నూనె జిగురును పట్టనివ్వదు కనుక అతుకు తలాలను అతికించే ముందు అసిటోన్‌తో తుడవవలసి వచ్చింది. కుడివైపు తలుపు అతుకులో వెంట్రుకవాసి సందు మిగిలింది. దానిని లప్పంతో కప్పివేయవచ్చు. ఆయన కప్పలేదు. సహజమైన కర్మ సదోషమైనా విడువదగినది కాదనీ, అగ్నిని పొగ ఆవరించినట్లు సర్వారంభాలను దోషం ఆవరించి ఉంటుందనీ గీత చెప్పిన మాటకు ఆ సందు ఆయనకు నిత్యవ్యాఖ్యానం.

తక్షదృష్టాంతం

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం తృతీయపాదంలో తక్షాధికరణం ఉంది. తక్షుడంటే వడ్రంగి. జీవునికి కర్తృత్వం స్వాభావికమా, ఔపాధికమా అనే విచారంలో సూత్రకారుడు వడ్రంగినే దృష్టాంతంగా చూపాడు. శంకరభగవత్పాదుల వివరణ సారం ఇది: వాసి మొదలైన పనిముట్లను చేతబట్టినంతసేపు వడ్రంగి కర్త, శ్రమతో దుఃఖి. అదే వడ్రంగి ఇల్లు చేరి, పనిముట్లను విడిచి, వ్యాపారం లేనివాడై స్వస్థుడై సుఖిస్తాడు. వాసి అంటే తెలుగులో బాడిస. జీవుడు కూడా కరణాలతో కూడినప్పుడు కర్తగా భాసించి శ్రమిస్తాడు, సుషుప్తిలో ఆ ఉపాధులు విరమించినప్పుడు సుఖిస్తాడు.

దృష్టాంతాన్ని ఎంతవరకు గ్రహించాలో కూడా ఆచార్యులే హద్దు గీశారు. చెక్కటం మొదలైన ప్రత్యేకవ్యాపారాలకు నియతమైన పనిముట్లను అపేక్షించే వడ్రంగి కర్త అవుతాడు, కేవలం తన శరీరంతో కాదు. ఈ అంశంలోనే పోలిక. వడ్రంగికి పనిముట్లను పట్టుకొనటానికి చేతులున్నాయి. నిరవయవమైన ఆత్మకు అటువంటి గ్రహణం లేదు. ఆ భేదాన్ని విస్మరించరాదు.

ఈ అధికరణం గృహకర్మశాలలో నిలిచిన సాధకునికి రెండు విషయాలను బోధిస్తుంది. ప్రతి వ్యాపారానికి నియతమైన కరణం ఉంది, స్క్రూడ్రైవర్‌ను ఉలిగా, ఉలిని గునపంగా, పట్టుకారును సుత్తిగా వాడేవాడు ఆ నియతిని ఉల్లంఘిస్తాడు, పనినీ పనిముట్టునూ రెండింటినీ చెడగొడతాడు. ఇది మొదటిది. కరణాన్ని పట్టుకోవటం ఎంత ముఖ్యమో విడిచిపెట్టటం అంత ముఖ్యం. ఇది రెండవది. నాసిరకపు పనిముట్టు విడిచిన తరువాత కూడా మనస్సును విడువదు. వంగిన అంచు, జారిన మర, చెడిన కొయ్య రాత్రి నిద్రలో సైతం వెంటాడతాయి. అతిగా ప్రేమించిన ఖరీదైన పనిముట్టు కూడా విడువదు. ఎవరు తాకుతారో, ఎక్కడ గీత పడుతుందో అని కాపలా పెట్టిస్తుంది. తగిన పనిముట్టు మాత్రం పని చేసేటప్పుడు తన ఉనికిని జ్ఞాపకం చేయదు, పని ముగిశాక గూటికి చేరుతుంది.

ఆశ్వయుజమాసంలో ఆయుధపూజ నాడు పనిముట్లకు కుంకుమ పెట్టి, పుష్పం ఉంచి నమస్కరించటం ఆచారం. సుత్తి, రంపం, లారీ, కంప్యూటర్ - అన్నిటికీ ఆ రోజున పూజ జరుగుతుంది. ఆ పూజకు మునుపటి రోజు చేయవలసిన పూర్వాంగం ఒకటి ఉంది. ఉలులను సానపట్టి, పలుచగా నూనె రాయాలి. రంపపు పళ్ల సందుల్లోని పొట్టును తుడవాలి. యంత్రాల ప్లగ్‌ను తీసి, తీగ మీద పగుళ్లు వెదకాలి. కవచం తన స్థానంలో బిగిసి ఉన్నదో లేదో చేత్తో కదిపి చూడాలి. సుత్తి తల వదులైతే చీల బిగించాలి. ఇక పనికిరానివాటిని, ప్రమాదకరమైనవాటిని మరెవరి చేతికీ చేరకుండా తొలగించాలి. ఇంతా చేసిన తరువాత పెట్టిన కుంకుమబొట్టు ఆ పనిముట్టు మీద శోభిస్తుంది.